డిహెచ్ఈఏ మాత్రలు: చాలాకాలం వాడాక నేను చెప్పేది

ఇవి విటమిన్ మాత్రలు కావు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా రాయగడలోనూ పార్వతీపురం వైపు మా చుట్టాల్లోనూ వీటిని బీ కాంప్లెక్సులాగా "నీరసానికి మంచివట కదా, పేరు రాసివ్వు" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, వాళ్ళలో ఒక్కరికీ రక్తపరీక్ష రిపోర్టు చేతిలో లేదు.

డిహెచ్ఈఏ ఒక హార్మోన్. దాన్ని మన ఒంట్లో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులే ఎక్కువగా తయారుచేస్తాయి. ఒంట్లో అది కొంత మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌గా, కొంత ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మాత్ర వేసుకుంటే ఎవరి ఒంట్లో ఎంత ఎటు మారుతుందో ముందే చెప్పలేరు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఇరవైల్లో బాగా ఉండి తర్వాత తగ్గుతూ వస్తుంది, డెబ్బై దాటేసరికి ఐదో వంతో పదో వంతో మిగులుతుంది. తగ్గినదాన్ని మాత్రతో నింపితే వయసు వెనక్కి వస్తుందని చెప్పి అమ్ముతున్నారు.

నాకు పిల్లల కోసం రాశారు. రక్తపరీక్షలో ఏఎంహెచ్ అనే హార్మోన్ బాగా తక్కువ వచ్చింది, అంటే అండాల నిల్వ తగ్గిందన్నమాట. ఐవీఎఫ్ కోసం బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ వెళ్ళేవాళ్ళం. అక్కడి డాక్టరు గారు డిహెచ్ఈఏ-ఎస్ (రక్తంలో ఈ హార్మోన్ ఎంతుందో చూసేది), టెస్టోస్టిరాన్, షుగరు, కొలెస్ట్రాల్, లివరు పరీక్షలు చేయించి, అవి చూశాకే 25 మిల్లీగ్రాముల మాత్ర మూడు పూటలా రాశారు. కనీసం మూడు నెలలైనా వాడాలన్నారు, అండం ఎదగడానికి దాదాపు అంత సమయం పడుతుంది కాబట్టి.

చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. డిహెచ్ఈఏ వేరు, డిహెచ్ఏ వేరు. డిహెచ్ఏ అంటే చేప నూనెలో ఉండే ఒమేగా-3. ఒక షాపులో నాకు అదే ఇచ్చారు, పైగా "రెండూ ఒకటేనమ్మా, ఆడవాళ్ళవే" అన్నారు. డబ్బా మీద అక్షరాలు చదివి వెనక్కిచ్చేశాను. చదవడం రాని మనిషికి ఇదే జరిగితే నెలల తరబడి వేరే మందు మింగుతూ, వచ్చే పరీక్షలో అంకె మారలేదని ఏడుస్తుంది. తలచుకుంటేనే కోపం వస్తుంది.

మొదటి నెలలో ఏ తేడా తెలియలేదు. తర్వాత మొహం జిడ్డుగా తయారైంది, దవడల పక్కన మొటిమలు వచ్చాయి, గెడ్డం కింద ముతక వెంట్రుకలు మొదలయ్యాయి, తలమీద మాత్రం జుట్టు రాలడం. మా అత్తయ్య "వేడి చేసిందేమో, మజ్జిగ తాగు" అనేవారు పాపం. వేడి కాదు, టెస్టోస్టిరాన్ పెరగడం. డాక్టరు గారు మళ్ళీ రక్తపరీక్ష చేయించి రోజుకి 50కి తగ్గించారు. మొటిమలు తగ్గాయి, వెంట్రుకలకి ఇప్పటికీ థ్రెడింగ్ తప్పట్లేదు. గొంతు బొంగురుపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా చెప్పమన్నారు, ఆ మార్పు మందు మానేసినా పోకపోవచ్చట. ఆడవాళ్ళలో మంచి కొలెస్ట్రాల్ కూడా తగ్గొచ్చు, అందుకే అది మధ్యమధ్యలో చూసేవారు.

ఫలితం సంగతి. తర్వాతి ఐవీఎఫ్‌లో అండాలు ఇదివరకటి కంటే ఎక్కువ వచ్చాయి, ఇప్పుడు మాకు పాప ఉంది. కానీ అదే సమయంలో ఇంజెక్షన్ల పద్ధతీ మార్చారు, నా థైరాయిడ్ కూడా దారికొచ్చింది, కాబట్టి ఈ మాత్ర వల్లే పాప పుట్టిందని నేను ఎవరికీ చెప్పను. పరిశోధనలూ అంత గట్టిగా ఏమీ చెప్పట్లేదు. 2015లో కోక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్ళు అప్పటిదాకా జరిగినవన్నీ కలిపి చూస్తే లాభం ఉన్నట్టే కనిపించింది, సరిగ్గా జరగని అధ్యయనాలు తీసేస్తే ఆ లాభం నిలబడలేదు. 2024లో మళ్ళీ చూసి, బిడ్డ పుట్టే అవకాశంలో డిహెచ్ఈఏ వల్ల పెద్ద తేడా ఉండకపోవచ్చని తేల్చారు. ఇది చదివితే బాధేస్తుంది, ఎందుకంటే ఆశతో మింగిన మందు కదా. అయినా అందరూ తెలుసుకోవాలి. గర్భం నిలిచిందని తెలియగానే ఆపేయమన్నారు, ఆపేశాను.

ఇక ముసలితనానికి, నీరసానికి అంటారా, 2006లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు పెద్దవయసు వాళ్ళకి రెండేళ్ళు ఇచ్చి చూశారు. కండబలంలో గానీ, షుగరు అదుపులో గానీ, బతుకు తీరులో గానీ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. అందుకే మా పెద్దమ్మ అడిగితే "వద్దు పెద్దమ్మా, ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకో" అన్నాను. జిమ్‌కి వెళ్ళే మా ఆడపడుచు కొడుకుకీ అదే చెప్పాను. క్రీడాకారులకైతే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) జాబితాలో ఇది ఎప్పుడూ నిషేధమే, పోటీలు లేని రోజుల్లో కూడా.

"అడవి దుంప నుంచి తీసిన సహజమైన మందు" అని రాసి అమ్మేవాటిని నమ్మకండి. నియమగిరి వైపు కోందు గిరిజనులు అడవి దుంపలు తవ్వుకుని తింటారు, ఆ జాతి దుంపలు కొన్నింటిలో డయోస్జెనిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని డిహెచ్ఈఏగా మార్చేది మాత్రం ఫ్యాక్టరీలోనే. మన కడుపులో ఆ మార్పు జరగదు. డబ్బా మీద రాసినంత మందు లోపల ఉంటుందనీ అనుకోవద్దు. 1998లో అమెరికాలో పదహారు రకాలు పరీక్షిస్తే కొన్నిటిలో అసలు లేదు, ఒకదానిలో రాసినదానికి ఒకటిన్నర రెట్లు ఉంది.

రొమ్ము, గర్భాశయం, అండాశయం, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, వచ్చి తగ్గినవాళ్ళు దీని జోలికి పోకూడదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉన్నవాళ్ళలో చాలామందికి ఇలాంటి హార్మోన్లు ముందే ఎక్కువగా ఉంటాయి, వాళ్ళు పక్కింటావిడ చెప్పిందని మొదలుపెట్టొద్దు. మానసిక జబ్బుకి మందులు వాడేవాళ్ళు ఆ డాక్టరుకి చెప్పకుండా వేసుకోవద్దు, ఉన్మాదం ఎగదోసిన కేసులున్నాయి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే హార్మోన్ల రక్తపరీక్షకి ముందు ల్యాబులోనూ డాక్టరుకీ చెప్పండి, ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల కొన్ని పరీక్షల్లో అంకెలు తప్పుగా వస్తాయి. ఆ తప్పు అంకెలు చూసి మాత్ర పెంచినా తగ్గించినా ఇబ్బంది పడేది మనమే.