రిటైరయ్యాక ఎక్కడ? తిరుపతా, చిత్తూరా, మదనపల్లెనా, సొంతూరి తోటా

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో యాభై ఐదు దాటిన ఉద్యోగస్తులు నలుగురు టీకొట్టు దగ్గర చేరితే, పీఆర్సీ, డీఏ బకాయిల గోల అయిపోయాక వచ్చే మాట ఇదే. ఒకాయనకు స్వామి పాదాల దగ్గర ఫ్లాటు కావాలి. ఇంకొకాయన సొంతూళ్లో ఇల్లు కట్టి రెండు ఆవుల్ని పెట్టుకుంటానంటాడు. మూడో ఆయన బెంగళూరు చలవ, మన భాష రెండూ కావాలంటే మదనపల్లె ఒక్కటే అంటాడు. చిత్తూరులో ఉంటామని మాత్రం చిత్తూరు వాళ్లు తప్ప ఎవరూ అనరు. నాకూ సర్వీసు దగ్గర పడింది కాబట్టి ఈ మధ్య నాలుగింటినీ కాస్త గట్టిగానే బేరీజు వేశాను.

ఈ కబుర్లన్నిట్లో మనకు ఎప్పుడూ అరవై రెండేళ్లే. మోకాళ్లు బాగుంటాయి, స్కూటర్ తోలతాం, భార్యాభర్తలు ఇద్దరూ ఉంటారు. నిజానికి ఇది ఇరవై, పాతికేళ్ల సంగతి. డెబ్బై ఐదు వచ్చేసరికి పిల్లలు బండి తాళం లాక్కుంటారు. ఎనభైలో ఇద్దరిలో ఒక్కరే ఉండొచ్చు. అందుకని ప్రతి ఊరినీ రెండే ప్రశ్నలు అడిగాను. బండి తోలలేని రోజు ఇక్కడ ఎట్లా? ఒక్కరే మిగిలిన రోజు ఎట్లా?

ముందు తోట, ఎందుకంటే నా మనసు లాగేది అటే. మాది పెనుమూరు వైపు. తాతలనాటి తోటలో ఎక్కువ భాగం తోతాపురి, మా పక్క దాన్ని బెంగళూరా అంటారు. తినడానికి కంటే గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ అది. చిత్తూరు చుట్టూ ఉన్న ఆ ఫ్యాక్టరీలు ఎంత రేటు చెబితే అంతే. 2025 సీజన్‌లో ఏమైందో అందరూ చూశారు. కిలోకు 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 సర్కారు ఇస్తుందని చెప్పారు. జూన్‌లో ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కాయ కోసి లోడెత్తాక రోజులు గడిస్తే మెత్తబడుతుంది, మెత్తబడితే రేటు ఇంకా పడుతుంది. ట్రాక్టర్ కింద టవల్ పరుచుకుని రాత్రిళ్లు కాపలా పడుకునే పని వయసులో ఉన్నవాళ్లకే నడుం విరిచేస్తుంది. పెన్షన్‌తో బతుకుతూ తోటను సరదాకు చూసుకుందాం అనుకోవచ్చు. తోటకు మన సరదా తెలీదు. దుక్కి, మందులు, కాపలా, కోత కూలి అన్నీ దాని టైముకు అది అడుగుతుంది.

అయినా పొద్దున ఆరింటికి తోటలో తిరిగే సుఖం ఇంకెక్కడా రాదు. ఇంట్లో పాలు, రాగిసంగటి, ఊరిబిండి, పండగకు నాటుకోడి, చావిడి దగ్గర మాటకు నలుగురు. అరవై నుంచి డెబ్బై దాకా ఇంతకంటే మంచి బతుకు లేదనే అంటాను. మా ఆవిడ అంత దూరం కూడా రాలేదు. పలమనేరు, బంగారుపాళెం వైపు ఏనుగుల గుంపులు తోటల మీద పడుతున్న వార్త పేపర్లో చూపించి, "వాటికి టిఫిన్ పెట్టేదానికా మనం పోయేది?" అంది. మా ఊరికి ఏనుగులు రాలేదంటే, "దారి కనుక్కోలేదు అంతే" అంది.

ఏనుగుల కంటే నన్ను ఆపింది వేరే లెక్క. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదీ స్కానింగ్ తీసి చూశాకే. ఊళ్లో రాత్రి రెండింటికి మూతి వంకర పోయిందని గమనించేదెవరు, 108కి ఫోన్ చేసేదెవరు, అక్కడి నుంచి స్కానింగ్, న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి చేరేసరికి ఎంత టైము మిగులుతుంది? ఇద్దరున్నప్పుడు ఎట్లాగో అవుతుంది. ఒక్కరే ఉంటే పొద్దున పాలు పితికేవాడు వచ్చేదాకా ఎవరికీ తెలీదు. మా వైపు చేయి విరిగినా కాలు విరిగినా పుత్తూరులో వేసే నాటుకట్టే అంటారు, నమ్మకం కూడా అట్లాంటిది. కానీ ముసలితనంలో బాత్‌రూంలో జారితే విరిగేది ఎక్కువగా తుంటి ఎముక. దానికి కట్టు చాలదు, ఆపరేషన్ కావాలి, అదీ ఒకటి రెండు రోజుల్లో అయితే మనిషి మళ్లీ నడిచే అవకాశం ఎక్కువ.

మదనపల్లె గురించి పెద్దగా చెప్పను. ఊరు దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది, మే నెలలో కూడా తెల్లారుజామున దుప్పటి కప్పుకోవచ్చు. బీసెంట్ థియసాఫికల్ కాలేజీ, టాగోర్ 1919లో అక్కడ ఉండి జనగణమనను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన సంగతి, పక్కనే రిషి వ్యాలీ, ఎప్పటిదో ఆరోగ్యవరం ఆసుపత్రి, ఇవన్నీ ఆ ఊరికి ఒక మర్యాద తెచ్చాయి. బెంగళూరు కూడా దగ్గర. కానీ రైల్వే స్టేషన్ ఊరికి దూరంగా సీటీఎం దగ్గరుంది, పెద్ద జబ్బు వస్తే ఘాట్లు దిగి తిరుపతికో వేలూరుకో, లేదంటే బెంగళూరుకో పోవాల్సిందే. అక్కడ మాకు చుట్టాలు లేరు. కొత్త ఊళ్లో స్నేహాలు ముప్పైలో కుదురుతాయి, అరవైలో గుడ్ మార్నింగ్ దగ్గర ఆగిపోతాయి. హార్స్‌లీ హిల్స్‌కు రెండు రోజులు పోయి రావచ్చు, అంతవరకే. మదనపల్లెలోనే పుట్టి పెరిగిన వాళ్లకు ఈ పేరా వర్తించదు.

ఇంక తిరుపతి. ఉద్యోగం వల్ల ఉన్న ఊరే కాబట్టి దీని తీపీ చేదూ రెండూ తెలుసు. చేదు ముందు. ఏప్రిల్, మే నెలల్లో శేషాచలం బండలు పొద్దంతా కాగి, రాత్రి పదైనా సెగ కొడుతూనే ఉంటాయి. నవంబర్‌లో వాయుగుండం పట్టిందంటే పల్లపు కాలనీల్లో ఇంట్లోకి నీళ్లు. 2021 నవంబర్‌లో కార్లు కొట్టుకుపోయింది చూశాక, ఎంత చవకైనా చెరువు పక్కన, కాలువ పక్కన ఇల్లు వద్దని ఎవరికైనా చెబుతాను. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో వాన పడినప్పుడల్లా నీళ్లు నిలుస్తాయి, ఆ గంటల్లో ఊరు రెండు ముక్కలు. శనాదివారాలు, సెలవులు వస్తే రోడ్లు మనవి కావు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక కొంత నయం. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటును రోజువారీ అద్దెకు ఇచ్చుకుంటే ఇక చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికి గుండ్లు కొట్టించుకుని దిగిన కుటుంబం లిఫ్టులో గోవిందా అంటుంటే భక్తీ వస్తుంది, కోపమూ వస్తుంది.

తీపి సంగతికొస్తే, ఒకే రోడ్డు చుట్టుపక్కల స్విమ్స్, రుయా, ఎముకలకు బర్డ్ ఆసుపత్రులు ఉండే ఊరు మన పక్క ఇంకొకటి లేదు. కళ్లకు అరవింద్ వచ్చింది, అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. ఓపీలో పొద్దున పోయి లైన్లో నిలబడాలి, అది వేరే సంగతి. కానీ ఆటో ఎక్కితే పావుగంటలో గేటు ముందు ఉంటాం. బండి లేని మనిషికి ఆ పావుగంటే ముఖ్యం.

దర్శనం కోసం తిరుపతిలో స్థిరపడతామనే వాళ్లకు ఒక మాట. ఊళ్లో ఉన్నంత మాత్రాన రోజూ కొండెక్కి స్వామిని చూసేది ఉండదు. తిరుపతి వాళ్లలో ఏడాదికి ఒకసారి కూడా పోనివాళ్లు ఎంతోమంది. ఆధార్‌లో స్థానిక అడ్రస్ ఉంటే నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనం, 2024 డిసెంబర్ నుంచి మళ్లీ నడుస్తోంది. 65 దాటితే వృద్ధుల కోటా ఉంది, ఆన్‌లైన్‌లో టికెట్ దొరకాలి. రోజువారీ జీవితానికి ఆసరా ఇచ్చేవి కింద ఉన్న గుళ్లే. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఒక రౌండు, కార్తీకంలో కపిలతీర్థం, తిరుచానూరులో అమ్మవారి పంచమి తీర్థం, మే నెలలో గంగజాతర. బైరాగి వేషం, తోటి వేషం వేసుకుని పిల్లలు వీధుల్లో బూతులు తిడుతూ తిరుగుతుంటే అరుగు మీద కూర్చుని నవ్వుకోవచ్చు. అన్నమాచార్య కళామందిరంలో, మహతి ఆడిటోరియంలో సంగీతమో హరికథో పురాణమో ఏదో ఒకటి ఉంటుంది, చాలావాటికి టికెట్ లేదు. ఒక్కరే మిగిలిన మనిషికి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఉండే మూడు గంటలు చాలా పొడుగు. తిరుపతి ఆ మూడు గంటల్ని నింపుతుంది. నాలుగు ఊళ్లలో ఈ పని చేయగలిగింది ఇదొక్కటే.

చిత్తూరుకు అన్యాయం చేయకూడదు. నన్నొక్కణ్ణే అడిగితే అక్కడే ఉంటాను. కట్టమంచి వైపో మిట్టూరులోనో కాస్త ఖాళీ జాగా ఉన్న ఇల్లు తిరుపతి ఫ్లాటు కంటే తక్కువ అద్దెకు దొరుకుతుంది. బజారు చేతికందేంత దూరం, కూరగాయలు పల్లెల నుంచి నేరుగా వస్తాయి, ఆటోవాడు బేరానికి దిగుతాడు. కాణిపాకం పన్నెండు కిలోమీటర్ల లోపే. పొరుగింట్లో తమిళం, ఎదురింట్లో తెలుగు, అద్దె అడిగేటప్పుడు మాత్రం రెండూ కలిపి మాట్లాడతారు. అన్నిటికంటే పెద్ద బలం వేలూరు సీఎంసీ, నలభై కిలోమీటర్ల లోపు. చిత్తూరు వాళ్లు దాన్ని తమ ఊరి ఆసుపత్రి లాగే చూస్తారు, "వేలూరులో చూపించినాం" అంటే ఇంక పై మాట ఉండదు. తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే 104 కిలోమీటర్ల రైలు మార్గానికి రెండో లైను 2025లో కేంద్రం ఒప్పుకుంది. అది పూర్తయితే వేలూరు పోవడం ఇంకా తేలిక.

పిల్లలు ఎక్కడున్నారన్నది కూడా చూడాలి. బెంగళూరులో ఉంటే చిత్తూరు మేలు, శుక్రవారం ఆఫీసయ్యాక కారెక్కితే రాత్రి భోజనానికి కాస్త ఆలస్యంగా వచ్చేస్తారు. హైదరాబాద్‌లో ఉంటే తిరుపతి. వందే భారత్ ఉంది, రేణిగుంటలో విమానం ఉంది. అమెరికా పిల్లలకు ఏ ఊరైనా ఒకటే, చెన్నైలో దిగి టాక్సీ కట్టించుకుంటారు. "స్వామి దర్శనం కూడా అయిపోతుంది" అని తిరుపతికైతే పిల్లలు ఒకసారి ఎక్కువ వస్తారని మా ఆవిడ థియరీ. కొట్టిపారేయలేను.

చిత్తూరులో లేనిది సాయంత్రం. ఎనిమిదింటికి హైరోడ్డు సద్దుమణుగుతుంది. నాకది హాయి. మా ఆవిడకు అది భయం. దీని మీద మేం పోట్లాడుకున్నాం కూడా. చివరికి ఒక మామూలు లెక్క నన్ను ఒప్పించింది. ఆమె నాకంటే చిన్నది. ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారన్నది అన్ని లెక్కల్లోనూ ఉన్నదే. అంటే మేం ఎంచుకునే ఊళ్లో ఎక్కువ ఏళ్లు, అందులో కొన్నేళ్లు ఒంటరిగా, ఉండబోయేది ఆమె. ఆ ఊరిని నా ఇష్టంతో తేల్చడం ఏం న్యాయం? టీకొట్టు దగ్గర కలలు చెప్పుకునే వాళ్లమంతా మగాళ్లమే. ఇంట్లో ఒక్కసారి అడిగితే సగం తోటలు అక్కడే ఎండిపోతాయి. కాబట్టి తిరుపతే.

ఇల్లు కట్టడమా, కొనడమా, అద్దెనా అన్నదాని మీద నాకు అనుమానం లేదు. అద్దె. రిటైరైనప్పుడు వచ్చే డబ్బంతా సిమెంటులో పోసేసి, మందులకు కొడుకు ముందు చేయి చాచే పెద్దవాళ్లు మా ఆఫీసు పరిచయాల్లోనే ఉన్నారు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో ఒకరి పేరు మీద 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 8.2 శాతం వడ్డీ ఉన్నప్పుడు వేస్తే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొస్తాయి. ఊళ్లో మామూలు రెండు బెడ్‌రూంల అద్దె అందులోంచి కట్టినా బాగానే మిగులుతుంది. ఇంకో సౌకర్యం, మే నెల ఎండా నవంబర్ వానా రెండూ చూసి ఇల్లు నచ్చకపోతే మారిపోవచ్చు. సొంతిల్లు అట్లా మారదు. తోట అమ్మడం లేదు, గుత్తకు ఇచ్చి కాయల కాలంలో పోయి వస్తాం. ఆస్తి పిల్లల పేరున రాసే ఆలోచన ఉన్నవాళ్లు, చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం ప్రకారం చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవడానికి ఆర్డీవో దగ్గరికి పోవచ్చు. షరతు రాయకపోతే ఆ పని కష్టమవుతుంది.

ఇప్పుడు ఆదివారాలు ఇళ్లు చూస్తున్నాం. భవానీనగర్, బాలాజీ కాలనీ, కేటీ రోడ్డు చుట్టుపక్కల. మా ఆవిడ షరతులు: మెట్లు లేకుండా గ్రౌండ్ ఫ్లోర్, వాన నీళ్లు రాని ఎత్తు, బాత్‌రూం గోడకు పట్టుకునే కమ్మీ వేసుకోనివ్వాలి, గుడికి నడిచి పోగలగాలి. అన్నీ కుదిరిన ఇల్లు ఒకటి దొరికింది. ఓనరు మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఎంతమంది ఉంటారన్నాడు. ఇద్దరమే అన్నాను. "అది సరే సార్, కొండకొచ్చే మీ చుట్టాలు ఎంతమంది? ట్యాంకర్ నీళ్లు నేను కొనాలి" అన్నాడు. అద్దె మీద బేరం ఇంకా తెగలేదు.