విడాకుల్లో ఇంటి అప్రైజల్: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

మా ఇల్లు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంది. విడాకులప్పుడు ఇల్లు నేను ఉంచుకుని, ఆయన వాటా డబ్బుగా ఇవ్వాలని ఇద్దరం ఒప్పుకున్నాం. పేచీ అంతా ధర దగ్గరే వచ్చింది. ఆయన ఇళ్ల ధరలు అంచనా వేసే జిల్లో వెబ్‌సైట్‌లో కనిపించిన అంకె చూపించేవారు. మా అన్నయ్యేమో కౌంటీ పన్ను నోటీసులో ఉన్నదే తీసుకోమనేవాడు. ఈ తగవుకి రెండూ సరిపోవు. టెక్సాస్‌లో ఇల్లు ఎంతకు అమ్మారో బయటపెట్టాలన్న నియమం లేదు, కాబట్టి జిల్లో అంకె ఉత్త అంచనాయే. పైగా సొంతానికి ఉంటున్న ఇంటి మీద పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా చట్టం ఆపుతుంది. అందుకే నోటీసులోని ఆ విలువ చాలాసార్లు మార్కెట్ ధర కన్నా వెనకబడి ఉంటుంది.

చివరికి ఇంటి విలువ కట్టే, రాష్ట్ర లైసెన్సు ఉన్న ఒకే అప్రైజర్‌ని కలిసి పెట్టుకుని, ఫీజు చెరిసగం కట్టాం. మొత్తం వ్యవహారంలో మేం చేసిన మంచి పని ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను. చెరొకరిని పెట్టుకుని ఉంటే రెండు రిపోర్టులు వచ్చేవి, ఆ రెంటి మీద మళ్ళీ లాయర్ల వాదన నడిచేది.

అప్రైజర్ వచ్చిన రోజు ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆమె బయటి గోడల వెంట కొలతలు తీసుకుని, ప్రతి గదీ ఫోటో తీశారు. గ్యారేజీని లివింగ్ ఏరియాలో కలపలేదు. పూజగదికి ఎంతో ఇష్టపడి చేయించుకున్న టేకు తలుపులకు ఒక్క డాలరు కూడా రాలేదు. నాకు బాధేసింది, కానీ ఆ లెక్క న్యాయమైనదే. మనం పెట్టిన ఖర్చు వేరు, కొనేవాళ్లు ఇచ్చే ధర వేరు. వెనక వేసిన ప్యాటియో కప్పుకి మాత్రం కొంత కలిపారు. మా చుట్టుపక్కల ఈమధ్యే అమ్ముడైన ఇళ్లను మా ఇంటితో పోల్చి, ఏ తేడాకి ఎంత కలిపారో, ఎంత తీశారో వరసగా రాశారు. ఆ పట్టిక చదివాక ఆయన మళ్ళీ జిల్లో మాట ఎత్తలేదు. విలువలోంచి మిగిలిన లోను తీసేసి, వచ్చిన ఈక్విటీని పంచుకున్నాం.

రిపోర్టులో విలువ ఏ తేదీకి కట్టారో, ఏ అవసరానికి కట్టారో స్పష్టంగా ఉండాలి. ఏ తేదీ పెట్టాలో లాయర్‌ని ముందే అడగండి.

రీఫైనాన్స్‌కి, అంటే పాత లోను తీర్చి కొత్తది తీసుకోవడానికి మాత్రం ఈ రిపోర్టు పనికి రాలేదు. బ్యాంకు తన అప్రైజర్‌నే పంపింది, అంకె కాస్త తగ్గింది. పంపకానికి ఏ విలువ తీసుకోవాలో డిక్రీలో (కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పులో) ముందే రాసి ఉండటంతో ఇబ్బంది రాలేదు. టెక్సాస్‌లో ఇంటి మీద నగదు తీసుకునే లోను, పాత బాకీతో కలిపి, ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. వాటా చెల్లించడానికి ఓవెల్టీ లీన్ (ఆ వాటా బాకీకి ఇంటినే హామీగా చూపే పత్రం) రాయించుకుంటే ఆ పరిమితి వర్తించదు. ఈ సంగతి మా లాయర్ చెప్పకపోతే నాకు లోను సరిపోయేది కాదు.

అప్రైజల్ చెప్పనిది ఇంకొకటి ఉంది. విడాకుల్లో ఇల్లు మీ పేరు మీదకు వచ్చినప్పుడు పన్ను పడదు, కానీ రేపు అమ్మితే లాభం లెక్కకట్టేది పాత కొనుగోలు ధర నుంచే. ఆ లాభం మీద, జంటగా పన్ను రిటర్ను ఫైల్ చేసేవాళ్లకు 5,00,000 డాలర్ల దాకా ఉండే పన్ను మినహాయింపు ఒంటరిగా ఉన్నవాళ్లకు 2,50,000 మాత్రమే. ఇల్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు సంతకాలు పెట్టకముందే సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) దగ్గర ఈ లెక్క వేయించుకోండి.