ప్రోగ్రెసివ్ రీలోడింగ్ ప్రెస్: ఏళ్ల వాడకం తర్వాత ఏ మార్పులు పనికొచ్చాయి

పేల్చేసిన తూటా కేసుల్లో (ఇత్తడి గొట్టాల్లో) కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ రౌండ్లు చేసే యంత్రమే రీలోడింగ్ ప్రెస్. నాది అయిదు స్టేషన్ల ప్రెస్, కేసులు నిలబడే షెల్ ప్లేటు ఒక్కో స్టేషన్‌కీ తనంతట తాను తిరిగే రకం. ఎక్కువగా 9 మి.మీ. పిస్టల్ రౌండ్ల కోసమే వాడకం. ఒక్కొక్కటిగా బిగించిన అదనపు భాగాల్లో కొన్ని ప్రెస్ మీదే ఉండిపోయాయి, కొన్ని డబ్బాలోకి తిరిగి వెళ్లాయి. నా లెక్కలో వేగం పెంచే సామాను ఆఖర్న కొనాలి. కుదుపు తగ్గించేవీ, కేసు లోపల ఏముందో చూపించేవీ ముందు.

అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది షెల్ ప్లేటు బోల్టు కింద వేసే నీడిల్ బేరింగ్‌తో. 9 మి.మీ. కేసు పొట్టిది, కొన్ని రకాల పౌడర్ దాదాపు అంచుదాకా వస్తుంది. ప్లేటు తిరిగి, డిటెంట్ బాల్ (ప్లేటుని ఒక్కో స్టేషన్ దగ్గర ఆపే, స్ప్రింగ్ మీది చిన్న గుండు) గుంటలో పడగానే టక్కుమని ఆగుతుంది. ఆ కుదుపుకి పౌడర్ చింది ప్లేటు కిందికి చేరుతుంది, ప్లేటు ఇంకా గరగరలాడుతుంది. బోల్టు వదులు చేస్తే ప్లేటు పైకీ కిందికీ ఆడి ప్రైమర్ సరిగ్గా దిగదు. బిగిస్తే ప్లేటు పట్టేసి, ఒక్కసారిగా దూకుతుంది. బోల్టు తలకీ ప్లేటుకీ మధ్య రాపిడి పోతేనే ఈ రెండు తిప్పలూ తప్పుతాయి.

బిగించేటప్పుడు ముందుగా బోల్టును పట్టి ఉంచే చిన్న లాక్ స్క్రూ వదులు చేయాలి. అది మరిచిపోయి స్పానర్ వేస్తే బోల్టు మరలు పాడవుతాయి. తర్వాత ప్లేటు కింద తుడిచి, వాషర్, బేరింగ్, వాషర్ వరసలో పెట్టి, ప్లేటు పట్టేసేదాకా బిగించి, సుమారు ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తిప్పి లాక్ చేయాలి. డిటెంట్ స్ప్రింగ్ కూడా కాస్త మెత్తనిది వేస్తే టక్కు ఇంకా తగ్గుతుంది. మరీ మెత్తనిదైతే ప్లేటు నడిమధ్యకి వచ్చి ఆగదు, కేసు మూతి డై (కేసు మీద పనిచేసే అచ్చు) అంచుకి తగిలి నలుగుతుంది. కత్తిరించి చూడాలంటే విడి స్ప్రింగ్‌నే కత్తిరించండి, అసలుది దాచండి.

రెండోది పౌడర్ చెక్, దానితోపాటు లైటు. పౌడర్ పడని రౌండు పేలిస్తే ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్లో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకో రౌండు పేలిస్తే బ్యారెల్ పగలొచ్చు. రెండింతలు పడితే తుపాకీయే పగలొచ్చు. పౌడర్ చెక్ డైలో ఒక కడ్డీ కేసులోకి దిగి, పౌడర్ ఎత్తు బాగా తేడాగా ఉంటే బజర్ మోగిస్తుంది. ఖాళీనీ, రెండింతలనీ పట్టుకుంటుంది. 0.2 గ్రెయిన్ల తేడా (గ్రెయిన్ అంటే 0.065 గ్రాము) మాత్రం దానికి తెలియదు; అందుకు త్రాసు మీద అప్పుడప్పుడూ తూచాల్సిందే. బజర్ ఉందని చూపు తిప్పుకోకూడదు. టూల్‌హెడ్ (డైలన్నీ బిగించే పై పలక) మధ్య నుంచి కిందికి పడే ఎల్‌ఈడీ లైటు పెడితే, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసు లోపలా కనిపిస్తుంది. గది దీపం పనికిరాదు, డైల నీడ కేసు మీదే పడుతుంది. ప్రెస్ మధ్యలో పట్టేసిందంటే పౌడర్ స్టేషన్ నుంచి బుల్లెట్ స్టేషన్ దాకా ఉన్న కేసులన్నీ తీసి, పౌడర్ వంపేసి మళ్లీ మొదలుపెట్టండి. రెండింతలు ఎక్కువగా పడేది ఇలాంటప్పుడే.

బల్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇలాంటి ప్రెస్‌ల మీద ప్రైమర్ దిగేది హ్యాండిల్‌ని ముందుకి నెట్టినప్పుడు. అప్పుడు బల్ల ఊగితే ఆ బలం బల్లకే పోతుంది, చేతికి ఏమీ తెలియదు. బల్ల అడుగున ఇనుప పలక వేసి బోల్టులు దానిలోంచి బిగించి, బల్లని గోడకి పట్టించండి. ప్రైమర్ కేసు అడుగు కన్నా 0.003 నుంచి 0.005 అంగుళాలు లోపలికి ఉండాలి. రౌండ్లని అద్దం మీద నిలబెడితే, ప్రైమర్ పైకి తేలినది ఊగిపోతుంది.

కేసుని సరైన కొలతకి నొక్కే కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) డైకి లూబ్, అంటే కేసులు సులువుగా జారడానికి వేసే పూత, అక్కర్లేదంటారు. నిజమే, కానీ వేస్తే హ్యాండిల్ బరువు సగానికి తగ్గినట్టుంటుంది, ఏ స్టేషన్లో ఏం తగిలిందో చేతికి తెలుస్తుంది. ఒక పాలు లానోలిన్, పన్నెండు పాళ్లు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి సన్నగా చల్లి, పూర్తిగా ఆరాక వాడాలి.

వాడిన ప్రైమర్లని ట్యూబు ద్వారా మూతున్న సీసాలోకి పంపే అమరిక అతి చవక. వాటి మసిలో సీసం ఉంటుంది, అందుకే తడిగుడ్డతో తుడవడమే మేలు, మామూలు వాక్యూమ్ వద్దు. గుండ్రటి పిడి బదులు రోలర్ హ్యాండిల్ పెడితే మణికట్టుకి హాయి. టూల్‌హెడ్‌ని కదలకుండా పట్టే స్క్రూలతో రౌండ్ల పొడవులో తేడా కొంచెం తగ్గింది, పిస్టల్‌కి అంత అవసరం లేదు.

ఇక బుల్లెట్ ఫీడర్, మోటారు. ఫీడర్ బాగానే పనిచేస్తుంది, కానీ ఒక స్టేషన్ తినేస్తుంది. దానికోసం పౌడర్ చెక్ తీసేయాల్సి వస్తే ఫీడర్ వద్దు. మోటారు మాత్రం నా మటుకు దండగ. ఏరిన కేసుల్లో 9 మి.మీ. లోపల .22 కేసు (ఇంకా చిన్న రకం) ఇరుక్కుని ఉండటం మామూలే. హ్యాండిల్‌ని చేత్తో నడిపితే అది వెంటనే తెలుస్తుంది. మోటారుకి క్లచ్ సరిగ్గా కుదరకపోతే డీప్రైమింగ్ పిన్ను (పాత ప్రైమర్‌ని బయటికి తోసేది) విరిగాకే ఆగుతుంది.