ఛార్జింగ్ కేబుళ్ళు, డేటా కేబుళ్ళు: చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

మా ఇంట్లో రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ఐఫోన్ 15 ప్రో, పిల్లల క్లాసులకి శాంసంగ్ ట్యాబ్, నాన్న పేపర్ చదువుకునే పాత లైట్నింగ్ (టైప్ సీకి ముందు ఆపిల్ వాడిన పోర్ట్) ఐప్యాడ్ ఉన్నాయి, పైగా నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తా కాబట్టి సీజన్‌లో రోజూ ఫోన్లలోంచి ల్యాప్‌టాప్‌లోకి బోలెడంత ఫుటేజ్ లాగాలి. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నవి, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొన్నవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి, ఫోన్ బాక్సులో వచ్చినవి అన్నీ వాడా, కొన్నేళ్ళుగా ఒక చిన్న యూఎస్‌బీ మీటర్ కూడా దగ్గర పెట్టుకుని ప్రతి కేబుల్ ఎన్ని వోల్ట్‌లు ఎన్ని ఆంప్‌లు ఇస్తుందో చూస్తూ వచ్చా. నాకు అర్థమైంది ఏంటంటే కేబుల్ పైకి ఎలా ఉందో చూసి అది దేనికి పనికొస్తుందో చెప్పలేం. కొనే ముందు రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి, కరెంట్ ఎంత మోస్తుంది, డేటా ఎంత స్పీడ్‌లో మోస్తుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని కొంటారు, తర్వాత ఫోన్‌నో ఛార్జర్‌నో తిడతారు.

ముందు ఛార్జింగ్ సంగతి. షాపులో ఫాస్ట్ ఛార్జింగ్ ఉందా అంటే ఉందనే చెప్తారు, ఆ మాటకి విలువ లేదు. లోపలి రాగి తీగ ఎంత లావుందన్నదే అసలు విషయం. దీన్ని గేజ్‌లో కొలుస్తారు, కొన్నిటి డబ్బా మీద ఏడబ్ల్యూజీ అని ఉంటుంది, నంబర్ తగ్గేకొద్దీ తీగ లావు. చవక కేబుళ్ళలో మామూలుగా 28 గేజ్ తీగ ఉంటుంది, అది మీటర్‌కి దాదాపు 0.21 ఓమ్. రెండు మీటర్ల కేబుల్ అయితే కరెంట్ వెళ్ళడానికి రెండు మీటర్లు తిరిగి రావడానికి రెండు మీటర్లు, మొత్తం 0.85 ఓమ్ దాకా వస్తుంది, అంటే 2 ఆంప్‌లు లాగితే 1.7 వోల్ట్‌లు దారిలోనే పోయి 5 వోల్ట్‌ల ఛార్జర్ నుంచి ఫోన్‌కి చేరేది 3.3 వోల్ట్‌లు. అంత తక్కువలో ఫోన్ ఛార్జ్ అవ్వదు కాబట్టి తనే కరెంట్ తగ్గించుకుంటుంది, మనం రాత్రంతా పెట్టినా పొద్దున్నకి బ్యాటరీ నిండదు. అదే పొడవులో 22 గేజ్ తీగ ఉంటే పోయేది 0.4 వోల్ట్ చిల్లర మాత్రమే. బోరులో నీళ్ళు ఎన్నున్నా పైపు సన్నదైతే చివరి మడికి అందనట్టే ఇది. అందుకే మంచం దాకా రావాలని రెండు మీటర్లది తీసుకునేవాళ్ళు మీటర్ కేబుల్ కంటే లావు తీగ ఉన్నదే తీసుకోవాలి, పొడవూ చవకా రెండూ కావాలంటే కుదరదు.

పీడీ (పవర్ డెలివరీ, అంటే ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజ్ పెంచే పద్ధతి) ఛార్జర్లు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది. 18 వాట్లు కావాలంటే 9 వోల్ట్‌లు 2 ఆంప్‌లతో పంపుతాయి, వోల్టేజ్ పెరిగి కరెంట్ తక్కువ ఉండటంతో దారిలో పోయేది మొత్తంలో చిన్న భాగమే అవుతుంది. నేను మీటర్ పెట్టి చూసింది కూడా అదే, పాత 5 వోల్ట్‌ల ఛార్జర్‌తో నీరసంగా నడిచిన కేబుల్ పీడీ ఛార్జర్‌తో పర్లేదనిపించింది.

రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుళ్ళలో 60 వాట్లు అని ఉంటే 3 ఆంప్‌లది, 100 వాట్లు లేదా 240 వాట్లు అని ఉంటే 5 ఆంప్‌లది. 3 ఆంప్‌లు దాటాలంటే కేబుల్ తలలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండి తీరాలి, ఛార్జర్ దాన్ని అడిగి, అది ఒప్పుకుంటేనే ఎక్కువ కరెంట్ వదుల్తుంది. మామూలు ఫోన్‌కి 60 వాట్లది ఎక్కువే. కానీ శాంసంగ్‌లో 45 వాట్లు తీసుకునే ఫోన్లు, పెద్ద ట్యాబులు ఉన్నాయి చూడండి, వాటికి 45 వాట్ల ఛార్జర్ కొన్నా 5 ఆంప్ కేబుల్ లేకపోతే స్క్రీన్ మీద సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ 2.0 అని రాదు, 2.0 లేకుండా ఉత్త సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ అనే వస్తుంది. 45 వాట్లు 60 కన్నా తక్కువే కదా అనుకుంటాం, లెక్క వాట్లతో కాదు ఆంప్‌లతో ఉంది. మా బావమరిది ఛార్జర్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి బయల్దేరుతుంటే ఆపి నా 100 వాట్ల కేబుల్ ఇచ్చా, వెంటనే 2.0 అని వచ్చింది.

వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వాళ్ళది వేరే దారి. వాళ్ళ ఫాస్ట్ ఛార్జింగ్ పేరు సూపర్ వూక్, అందులో 65 వాట్లంటే 10 వోల్ట్‌లు 6.5 ఆంప్‌లు, మామూలు టైప్ సీ ప్రమాణంలో గరిష్ఠం 5 ఆంప్‌లే, కాబట్టి బయట దొరికే మామూలు టైప్ సీ కేబుల్ ఎంత ఖరీదుది పెట్టినా ఆ స్పీడ్ రాదు. ఆ ఫోన్లకి బాక్సులో వచ్చిన లావు కేబుల్ జాగ్రత్తగా ఇంట్లోనే ఉంచుకోండి, ప్రయాణాలకి వేరేది తీసుకెళ్ళండి, పోతే మళ్ళీ ఆ కంపెనీదే కొనడం మేలు.

ఇక డేటా. నా పనికి ఇదే ముఖ్యం, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. టైప్ సీ సాకెట్‌లో 24 పిన్నులుంటాయి కానీ మార్కెట్‌లో దొరికే చాలా కేబుళ్ళలో వాటన్నిటికీ తీగలుండవు, ఛార్జింగ్‌కి కావాల్సినవీ పాత యూఎస్‌బీ 2.0కి కావాల్సినవీ మాత్రమే ఉంటాయి. యూఎస్‌బీ 2.0 అంటే 480 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్), చేతికొచ్చేది సెకనుకి 35-40 ఎంబీ. పెళ్ళి ఫుటేజ్ 60 జీబీ ఉంటే పాతిక నిమిషాల పైనే. నా ఐఫోన్ 15 ప్రో 10 జీబీపీఎస్ ఇవ్వగలదు, కానీ బాక్సులో వచ్చే కేబుల్ యూఎస్‌బీ 2.0దే. ఆపిల్ విడిగా అమ్మే 240 వాట్ల ఛార్జ్ కేబుల్ కూడా డేటాలో యూఎస్‌బీ 2.0నే, అంత వాట్లున్నాయి కదా డేటా కూడా పరిగెడుతుందిలే అనుకోకూడదు. నేను 10 జీబీపీఎస్ అని స్పష్టంగా రాసున్న అర మీటర్ కేబుల్ తీసుకున్నాక అదే ఫుటేజ్ కాపీకి పెట్టి టీ తాగి వచ్చేలోపు అయిపోతోంది. ఆ కేబుల్ లావు, బిరుసు, చుట్ట చుట్టడం కష్టం, లోపల అదనపు తీగలూ వాటి చుట్టూ రేకు తొడుగూ ఉంటాయి కాబట్టి తప్పదు. అది టేబుల్ దాటి ఎక్కడికీ రాదు.

అయితే ఈ ఖర్చు అందరికీ అక్కర్లేదు. ఐఫోన్ 15, 15 ప్లస్‌లో పోర్టే యూఎస్‌బీ 2.0, పదో తరం ఐప్యాడ్‌లోనూ అంతే, శాంసంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్ లాంటివీ అంతే. వాటికి వెయ్యి రూపాయల డేటా కేబుల్ పెట్టినా ఒక్క ఎంబీ ఎక్కువ రాదు, ఆ డబ్బు లావు తీగకి పెట్టండి.

దీనికి పూర్తిగా అటువైపున్నవి డేటా తీగలే లేని కేబుళ్ళు, ట్రిమ్మర్‌తోనో ఇయర్‌బడ్స్‌తోనో వచ్చేవి. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోన్ ఛార్జ్ అవుతుంది, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ ఎంత వెతికినా రాదు, డ్రైవర్ ప్రాబ్లం అనుకుని గంటలు పోగొట్టుకునేవాళ్ళని చూశా. నేను వాటికి ఎర్ర టేప్ చుట్టి ట్రావెల్ బ్యాగులో పడేస్తా, ఎందుకంటే రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో ఊరూపేరూ తెలియని యూఎస్‌బీ పాయింట్‌కి పెట్టాల్సి వస్తే డేటా తీగలు లేని కేబులే మంచిది, ఆర్‌బీఐ వాళ్ళు 2022లో ఇచ్చిన మోసాల బుక్‌లెట్‌లో కూడా జ్యూస్ జాకింగ్ (పబ్లిక్ ఛార్జింగ్ పాయింట్ ద్వారా ఫోన్‌లోని డేటా కొట్టేయడం) గురించి హెచ్చరించారు.

కారులో ఆండ్రాయిడ్ ఆటో మాటిమాటికీ డిస్కనెక్ట్ అవుతుందంటే ముందు కేబుల్ మార్చి చూడండి, మీటర్ లోపు పొడవుండాలి. మా కారులో రెండు మీటర్లది తీసేసి పొట్టిది పెట్టాక గచ్చిబౌలి నుంచి సూర్యాపేట దాకా ఒక్కసారి కూడా మ్యాప్ పోలేదు.

చవక కేబుల్ అంటే స్లోగా ఎక్కడమే కదా, నష్టమేంటి అంటారు. నష్టం ఉంది. 2016 ఫిబ్రవరిలో గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లెంగ్ టైప్ సీ కేబుళ్ళు ఒక్కొక్కటీ కొని పరీక్షిస్తుంటే ఒక కేబుల్‌లో పవర్ తీగా గ్రౌండ్ తీగా తారుమారుగా అతికించి ఉన్నాయి, అది తగిలించగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ పాడైంది, టెస్టింగ్ పరికరాలు కూడా పోయాయి. ఆ తర్వాత నెలలోనే అమెజాన్ ప్రమాణాలకి సరిపోని టైప్ సీ కేబుళ్ళని నిషేధించింది. ఒకవైపు పాత యూఎస్‌బీ ఏ, ఇంకోవైపు సీ ఉన్న కేబుళ్ళలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, తక్కువది పెడితే ఫోన్ 3 ఆంప్‌లు లాగొచ్చనుకుని పాత ఛార్జర్ మీద, ల్యాప్‌టాప్ పోర్ట్ మీద తాహతుకి మించి భారం వేస్తుంది. యాభై రూపాయల కోసం యాభై వేల ఫోన్‌ని, ట్యాబ్‌ని పణంగా పెట్టడం నాకు అస్సలు నచ్చదు, అందుకే పేరు లేని ఏ-టు-సీ కేబుల్ ఎవరైనా ఫ్రీగా ఇచ్చినా వద్దంటా.

మన్నిక విషయానికొస్తే, నైలాన్ అల్లిక చూసి మురిసిపోవద్దు. అల్లిక బయట బాగానే ఉంటుంది, లోపల తీగ తెగినా కనపడదు. కేబుల్ చచ్చేది ఎక్కువగా మెడ దగ్గరే, అంటే తలా తీగా కలిసేచోట. మా అమ్మ ఛార్జింగ్ పెట్టి ఫోన్ పొట్ట మీద ఆనించుకుని సీరియల్ చూస్తుంది, వద్దంటే వినదు, ఏ కేబుల్ ఇచ్చినా మెడ వంగి విరిగేది. ఎల్ ఆకారంలో తల ఉన్న కేబుల్ ఇచ్చాక అది ఇంతవరకూ బతికే ఉంది. గేమ్స్ ఆడే పిల్లలకి కూడా అదే ఇవ్వండి.

టైప్ సీలో ఇంకో మంచి ఏర్పాటుంది, పట్టుకునే స్ప్రింగులు ఫోన్‌లో కాకుండా కేబుల్ తలలో పెట్టారు. అంటే వదులైతే చాలావరకు కేబుల్ మారిస్తే సరిపోతుంది. అయినా వదులుగానే ఉందంటే ఫోన్ ఆపేసి పోర్టులోని దూది చెత్తని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, పిన్ను పెట్టొద్దు. లైట్నింగ్‌లో ఇది తలకిందులు, స్ప్రింగులు ఐప్యాడ్ లోపలుంటాయి, కేబుల్ మీద బంగారు రంగు గీతల్లో ఒకటి నల్లబడితే ఆ కేబుల్ తీసేయడం మంచిది. నాన్న ఐప్యాడ్‌కి ఎంఎఫ్‌ఐ గుర్తున్నది (ఆపిల్ అనుమతితో చేసింది) తప్ప కొనను.

మ్యాగ్నెట్ తలల కేబుళ్ళు కొన్నాళ్ళు వాడి మానేశా, పిన్నులు బయటికే ఉంటాయి, ఇనప రజను అంటుకుంటుంది. ఒక కేబుల్‌కి మూడు తలలున్నవి అతిథులకి బాగుంటాయి, మూడూ ఒకేసారి పెడితే మూడూ నత్తనడకే.

ఇప్పుడు మా ఇంట్లో హాల్లో మీటర్ పొడవు 60 వాట్లది, మంచం దగ్గర రెండు మీటర్ల 100 వాట్లది (వాట్ల కోసం కాదు, లావు తీగ కోసం), టేబుల్ మీద 10 జీబీపీఎస్ పొట్టిది. యాంకర్, యూగ్రీన్, పోర్ట్రానిక్స్ కేబుళ్ళు నాకు బాగా మన్నాయి, ఇంకే కంపెనీదైనా ఆంప్‌లూ డేటా స్పీడూ రెండూ డబ్బా మీద రాసుంటే చూడొచ్చు, రెండోది రాయలేదంటే యూఎస్‌బీ 2.0 అనే లెక్కేసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే బ్యాటరీ సగం లోపున్న ఫోన్‌కి పెట్టి స్క్రీన్ మీద ఏ ఛార్జింగ్ మోడ్ చూపిస్తుందో చూడండి, ఒక పెద్ద వీడియో ల్యాప్‌టాప్‌కి పంపి టైం చూసుకోండి, తేడా ఉంటే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.