సాకర్ డ్రాఫ్ట్‌లో ఏది మేలు: పౌరసత్వమా, గ్రీన్ కార్డా, ఎఫ్-1 వీసానా?

పెద్దవాడు హైదరాబాద్‌లో, చిన్నవాడు డాలస్‌లో పుట్టిన తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉన్నాయి. ఇద్దరూ కాలేజీ సాకర్‌లో సమఉజ్జీలే కావచ్చు. అమెరికా ప్రధాన సాకర్ లీగ్ ఎమ్మెల్‌ఎస్ క్లబ్బులు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే సూపర్‌డ్రాఫ్ట్ రోజున మాత్రం క్లబ్బులు వాళ్లను వేర్వేరుగా తూస్తాయి. లీగ్ ఒక్కో క్లబ్బుకు మామూలుగా 8 విదేశీ స్లాట్లే (విదేశీ ఆటగాళ్లకు కేటాయించే స్థానాలు) ఇస్తుంది. క్లబ్బులు వాటిని ఇచ్చిపుచ్చుకుంటాయి. లక్ష డాలర్లు దాటి పలికిన సందర్భాలు ఎన్నో.

అంత విలువైన స్లాటును మూడో రౌండ్ కుర్రాడి మీద పెట్టడానికి ఏ కోచ్‌కైనా చేయి రాదు. పైవరుసలో లెక్క వేరు. మొదటి పిక్‌గా 2023లో సెనెగల్ ఆటగాడు హమాదీ డియోప్, 2024లో ట్రినిడాడ్ కుర్రాడు టైరీస్ స్పైసర్, 2025లో ఘనా నుంచి వచ్చిన మాను డువా వెళ్లారు. కాగితాలు దెబ్బకొట్టేది కింది రౌండ్లలోనే.

అమెరికా క్లబ్బుల్లో గ్రీన్ కార్డుదారుడూ పౌరుడితో సమానంగా స్థానికుడే. శరణార్థి హోదా ఉన్నా అంతే. పౌరసత్వంతో అదనంగా దక్కేది అమెరికా జాతీయ జట్టులో ఆడే అర్హత. (భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టే ఉండాలి, విదేశాల్లోని భారత సంతతికిచ్చే ఓసీఐ కార్డు చాలదు.) ఇంకో మెలిక: అమెరికా పౌరుడు టొరంటో, మాంట్రియల్, వాంకూవర్ క్లబ్బుల్లోనూ స్థానికుడే, కెనడా పౌరుడు అమెరికా క్లబ్బులో సాధారణంగా విదేశీ లెక్కలోకే వస్తాడు.

అసలు చిక్కు పెద్దవాడిది. భారత్‌లో పుట్టినవాళ్లకు ఉద్యోగం ద్వారా వచ్చే ఈబీ-2 గ్రీన్ కార్డు వరుస పదేళ్లు దాటింది. 21 నిండేసరికి తండ్రి వంతు రాకపోతే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి పిల్లలకిచ్చే వీసా) పోయి విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. గ్రీన్ కార్డు కోసం వేసే వయసు లెక్కలో తండ్రి గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 పెండింగులో ఉన్న రోజులను తీసేస్తారు. ఆ కొద్ది నెలలే ఒక్కోసారి గట్టెక్కిస్తాయి. తేదీలు ముందే లెక్కేసుకోండి.

ఎఫ్-1లో ఉన్నవాళ్లు ఓపీటీని (ఎఫ్-1 విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతిని) నమ్ముకుని బోల్తా పడతారు. అది చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించిన పనికే. కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో డిఫెండర్‌గా జీతం తీసుకోవడం కుదరదు. పైగా రెండో, మూడో సంవత్సరంలోనే ఎంపికై చదువు ఆపితే డిగ్రీ తర్వాతి ఓపీటీ అసలే ఉండదు. ఇక మిగిలేది క్రీడాకారుల వీసా పీ-1ఏ: కాంట్రాక్టు చేతికొచ్చాక దానికి ఐ-129 పిటిషన్ వేయించాలి. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచినంత మాత్రాన కాంట్రాక్టు వచ్చినట్టు కాదు, అతన్ని తీసుకునే హక్కులు మాత్రమే క్లబ్బుకు వెళతాయి.

గ్రీన్ కార్డు ఆశ దూరమైతే నా ఓటు అకాడమీకే. అబ్బాయికి 15 నిండే సంవత్సరం దాటకుండా ఎమ్మెల్‌ఎస్ క్లబ్ అకాడమీలో చేరి, తొలి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఆ లీగ్‌తోనో దాని అనుబంధ జట్టుతోనో చేసుకుంటే, ఏ పాస్‌పోర్టు ఉన్నా స్థానికుడిగానే లెక్కిస్తారు. అకాడమీలో పెంచి హక్కులు సంపాదించిన క్లబ్ అతన్ని డ్రాఫ్ట్‌తో పనిలేకుండా నేరుగా తీసుకోవచ్చు. ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్లకు ఎఫ్‌సీ డాలస్ ఊళ్లోనే ఉంది. అయితే ఆ నిబంధన స్లాటు వరకే. పని చేసే అనుమతి కోసం పీ-1ఏ విడిగా తెచ్చుకోవాల్సిందే.