పదం లెక్కా, గంట లెక్కా: తెలుగు అనువాదకులకు ఏది మేలు?

కొత్తగా ఫ్రీలాన్స్ అనువాదంలోకి వచ్చినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "పదానికి ఎంత అడగాలండీ?" ఎంత అన్నది రెండో సంగతి. దేన్ని లెక్కపెట్టి డబ్బులిస్తారో తేల్చుకోకుండా ఒప్పుకుంటే, వినడానికి ఘనంగా ఉన్న రేటు కూడా నెలాఖరుకు సగమే చేతికొస్తుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి పనిచేసేవాళ్ల ముందు ప్రధానంగా ఉన్నవి రెండు దారులు: పదం లెక్క, గంట లెక్క. మిగతావాటి గురించి చివర్లో రెండు మాటలు చెబుతాను.

పదం లెక్కలో మొదటి మెలిక, ఏ పదాలు? ఇంగ్లీషువా, తెలుగువా? మన విభక్తులూ సహాయక క్రియలూ మాటకే అతుక్కుపోతాయి. 'ఇన్ ద హౌస్' మూడు పదాలు, 'ఇంట్లో' ఒక్కటి. 'ఐ విల్ నాట్ బీ ఏబుల్ టు కమ్' ఏడు పదాలు. 'నేను రాలేను' రెండు, ఉత్త 'రాలేను' అయితే ఒకటే. మామూలు గద్యమైతే 10,000 ఇంగ్లీషు పదాలు తెలుగులోకి వచ్చేసరికి ఇంచుమించు 7,000, 7,500 దగ్గర తేలతాయి. లెక్క కోసం పదానికి రూపాయిన్నర అనుకుందాం. ఇంగ్లీషు పదాలు లెక్కిస్తే 15,000 రూపాయలు. తెలుగు పదాలు లెక్కిస్తే, అవి 7,200 అయితే, 10,800. అదే పని, అదే రేటు, 4,200 తేడా. వడ్లు పోసి బియ్యం కొలిచి మర కూలి ఇచ్చినట్టన్నమాట.

తెలుగు పదాల లెక్కకు ఇంకో చెడ్డ గుణం కూడా ఉంది. బిగువుగా రాసేవారికి నష్టం, సాగదీసేవారికి లాభం. 'తెలియజేశారు' అనే చోట 'తెలియజేయడం జరిగింది' అని రాస్తే ఒక పదం అదనంగా గిట్టుతుంది. మన సర్కారీ తెలుగంతా ఇలా లెక్కగట్టి రాసిందేనేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. కాబట్టి పదం లెక్క అంటే మూలంలోని పదాల లెక్కే. పని మొదలుకాకముందే అంకె తెలుస్తుంది, తర్వాత వాదన ఉండదు.

రెండో మెలిక మ్యాచ్ రాయితీలు. ట్రాడోస్, మెమోక్యూ లాంటి టూళ్లు కొత్త వాక్యాన్ని పాత అనువాదాలతో పోల్చి ఎంత శాతం కలిసిందో చూపిస్తాయి. ఆ శాతాన్ని బట్టి, క్లయింటుకూ మనకూ మధ్య ఉండి పని ఇచ్చే ఏజెన్సీ పదం రేటు కోసేస్తుంది. ఎవరి పట్టిక వాళ్లది. చిక్కేమిటంటే ఆ శాతం ఇంగ్లీషు వాక్యాలది. 'హి హాజ్ లెఫ్ట్ ద గ్రూప్' అన్నది 'షి' అనో 'దే' అనో మారితే ఇంగ్లీషులో పెద్దగా కదిలేదేమీ లేదు. తెలుగులో 'అతను' ఆమె అవుతుంది, 'వెళ్లిపోయాడు' కాస్తా వెళ్లిపోయింది, వెళ్లిపోయారు అవుతుంది. మొదలూ చివరా రెండూ ముట్టుకోవాలి. నూటికి నూరు శాతం కలిసిందన్న వాక్యాన్ని కూడా చుట్టూ ఉన్నవాటితో కలిపి చదవక తప్పదు. అందుకని 85 శాతం కన్నా తక్కువ మ్యాచ్‌లన్నిటికీ పూర్తి రేటే అడగండి. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఇక గంట లెక్క. దీనిమీద మనవాళ్లకు ఒక జంకు ఉంది: "వేగంగా చేసేవాడికి నష్టం కదా?" నిజమే, కొత్త అనువాదం విషయంలో. రోజుకు రెండువేల పదాలు చేసే మనిషి అనుభవంతో మూడువేలకు చేరితే ఆ లాభం పదం లెక్కలో అతనిదే, గంట లెక్కలో క్లయింటుది. పైగా ఇన్ని గంటలు పట్టిందంటే నమ్మేవాళ్లు తక్కువ. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైట్‌లో గంటల పనికి స్క్రీన్‌షాట్లు తీసే ఏర్పాటు అందుకే పెట్టారు. ఎవరో భుజం మీదుగా చూస్తున్నట్టుంటే నాకైతే వాక్యం కుదరదు.

అయినా గంట లెక్కే న్యాయమైన పనులు ఉన్నాయి. ఇప్పుడు వస్తున్న పనిలో అవే పెరుగుతున్నాయి కూడా. నా దృష్టిలో తేల్చాల్సిన విషయం ఒక్కటే: పనిని ముందే కొలవగలమా? కొలవగలిగితే పదం, కొలవలేకపోతే గంట. రేటు ఎంత, క్లయింటు ఎవరు, డాలర్లా రూపాయలా అన్నవన్నీ దీని తర్వాతే.

మెషిన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దే పనే చూడండి. చాలామంది దీన్ని కొత్త అనువాదపు రేటులో సగానికో, ఇంకా తక్కువకో పదం లెక్కన ఇస్తారు. మెషిన్ తెలుగు ఒకప్పుడు చూడగానే తప్పని తెలిసిపోయేది. ఇప్పుడు నున్నగా ఉంటోంది, ప్రమాదం అక్కడే. మందుల పరీక్షకు సంబంధించిన సమ్మతి పత్రంలో ఒక 'కాదు' జారిపోతే వాక్యం చక్కగానే చదువుకుపోతుంది, అర్థం మాత్రం తలకిందులవుతుంది. అంటే మూలం మొత్తం చదవాలి, తెలుగు మొత్తం చదవాలి, ఆ తర్వాత దిద్దాలి. ఒక ఫైలు వెయ్యి పదాలు గంటలో అయిపోతుంది, ఇంకోటి మూడు గంటలు తింటుంది. తెరిచి చూసేదాకా ఏది ఏదో తెలియదు. దీనికి పదం రేటు ఒప్పుకోవడమంటే క్లయింటు మెషిన్ ఎలా ఉంటే అలా మన సమయాన్ని వదిలేసుకోవడమే.

మన అనువాదాన్ని క్లయింటు తరఫున చూసే రివ్యూయర్ వ్యాఖ్యలూ ఈ కోవలోవే. యాప్ అంతా 'నువ్వు' అని చేసి ఇచ్చాక, మార్కెటింగ్ వాళ్లెవరో 'మీరు' అయితే మర్యాదగా ఉంటుందంటారు. ఇంగ్లీషులో రెండూ 'యూ' కాబట్టి మూలంలో మారిన పదాలు సున్నా. పదం లెక్కన మనకు రావాల్సిందీ సున్నా. తెలుగులో మాత్రం 'చెయ్యి', 'చూడు', 'చేశావు', 'చూశావు' లాంటి ప్రతి క్రియా వెతికి మార్చాలి. ఇలాంటి పని గంటల్లో తప్ప ఇంకెలాగూ లెక్కకు రాదు.

గంట లెక్క పేరుతో జరిగే ఒక మాయను కనిపెట్టుకుని ఉండాలి. "గంట రేటే ఇస్తాం, కానీ గంటకు వెయ్యి పదాల చొప్పున" అంటారు. అది గంట లెక్క కాదు, వేషం మార్చుకున్న పదం లెక్క. ఈమధ్య ఇలాంటి షరతుతోనే ఒక ఏజెన్సీ పని వస్తే, మొదటి వంద వాక్యాలు చేసి చూశాక గంటలు చెబుతానన్నాను. వాళ్లు మళ్లీ రాయలేదు. బాధేమీ లేదు.

మిగతావి చూస్తే, సబ్‌టైటిళ్లకు నిమిషం లెక్క. సినిమా నిడివికి ఇస్తారు, మాటలకు కాదు. మాటల పుట్టలాంటి సీరియల్‌కు, పాటలూ ఫైట్లూ నిండిన సినిమాకూ ఒకే రేటు ఒప్పుకోకండి. సర్టిఫికెట్లకు పేజీ లెక్క చాలు. పుస్తకాలకు మన ప్రచురణకర్తలు మొత్తంగా ఇంతని మాట్లాడతారు. అక్కడ డబ్బు కన్నా హక్కులు ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. నెల జీతంలా ఇచ్చే ఏర్పాటు దొరికితే మంచిదే, కానీ నెలకు గరిష్ఠంగా ఎన్ని పదాలో రాయించుకోవాలి.

పదమైనా గంటైనా, బిల్లు డబ్బు చేతికి వచ్చే తేదీ వేరే కథ. అరవై రోజుల గడువు పెట్టే ఏజెన్సీలు మన దేశంలోనూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకుంటే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) అండ దొరుకుతుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. నమోదు పని ఒప్పుకోకముందే చేసి పెట్టుకోండి. విదేశీ క్లయింట్లకు ఇది వర్తించదు, అక్కడ సగం అడ్వాన్సే దిక్కు.

పనికి ఎంతవుతుందో చెబుతూ కోట్ పంపేటప్పుడు నేను రాసే వాక్యాలు ఇవి, కావాలంటే వాడుకోండి: "లెక్క మూలంలోని పదాలకు. పంపిన ఫైలు మారితే మారిన భాగం కొత్త పనిగా పరిగణిస్తాను. మొదటి విడత దిద్దుబాట్లు, నా తప్పులైతే ఉచితం. శైలి మార్పులు, మెషిన్ అనువాదం సరిదిద్దడం గంట లెక్కన, 30 నిమిషాలకు తక్కువ కాకుండా. 45 రోజుల్లోపు చెల్లింపు."