పది రోజుల విపశ్యన: డబ్బు తీసుకోరు, ఫోన్ మాత్రం తీసుకుంటారు

ముందే చెప్పేస్తున్నా, ఈ విపశ్యన ధ్యానం కోర్సుకి ప్రశాంతత కోసం వెళ్తే మొదటి మూడు రోజులు అదొక్కటి తప్ప అన్నీ దొరుకుతాయి. మోకాళ్ళ నొప్పి, ఆకలి, పదేళ్ళ కింద బావమరిది అన్న మాట, పక్క మంచం ఆయన గురక. అయినా మళ్ళీ వెళ్తావా అంటే వెళ్తాను, ఈసారి ఇంకో దిండు పట్టుకుని.

నాది అకౌంట్స్ పని. నెలనెలా 20వ తేదీకి జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి, క్లయింట్లేమో 19 రాత్రి పదింటికి బిల్లుల ఫోటోలు వాట్సాప్‌లో పడేస్తారు, అవి కూడా సగం నలిగిపోయినవి, సగం వేలు అడ్డం పెట్టి తీసినవి. పోయినేడాది బీపీ 150 దాటింది. డాక్టర్ గారు మాత్ర రాసి, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు, అదెలాగో మాత్రం చీటీ మీద రాయలేదు. సరే అని ఒక యాప్ తీసుకున్నా, పేరెందుకు లెండి, ఏడాదికి 1499. నాలుగు అంకెలు పీల్చు, ఏడు అంకెలు బిగబట్టు, ఎనిమిది అంకెలు వదులు. పనిచెయ్యలేదని అనను, ఊపిరి నిదానంగా వదులుతుంటే గుండె కూడా కాస్త నెమ్మదిస్తుంది, ఆ నాలుగు నిమిషాలు హాయిగానే ఉండేది. కానీ పొద్దస్తమానం లెక్కలు చూసేవాడికి ఊపిరి కూడా లెక్కేనా? 23 రోజులు వరసగా చేశాను, 24వ రోజు పెళ్ళికెళ్ళి మర్చిపోయాను, స్క్రీన్ మీద వరస రోజుల లెక్క మళ్ళీ సున్నా. ఆ సున్నా చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు! రెండో ఏడాది డబ్బులు నన్ను అడక్కుండానే కట్ అయ్యాయి, అది వేరే కథ.

అప్పుడు మా పెద్దమ్మ కొడుకు ఈ కోర్సు గురించి చెప్పాడు. గోయెంకా గారి పద్ధతి. ఆయన బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి, మైగ్రేన్ ఏ వైద్యానికీ లొంగకపోతే 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్ళారు. ఆ గురువు ఉద్యోగం ఏంటో తెలుసా, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. అది వినగానే ఫారం నింపేశాను, మన శాఖ మనిషి కదా. గోయెంకా గారు 1969లో ఇండియా వచ్చి నేర్పడం మొదలుపెట్టారు, 2013లో పోయారు, ఇప్పటికీ కోర్సు ఆయన రికార్డింగులతోనే నడుస్తుంది. మన వైపు హైదరాబాద్ దగ్గర నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ అనే కేంద్రాలు ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా టైమ్‌టేబుల్ ఒకటే. భోజనం, బస అన్నీ ఉచితం. కోర్సు పూర్తి చేసినవాళ్ళ దగ్గరే విరాళం తీసుకుంటారు, అదీ మన ఇష్టం. పది రోజులు అంటారు కానీ, వెళ్ళే రోజు, వచ్చే రోజు కలిపి పన్నెండు రోజుల సెలవు పెట్టుకోండి.

పొద్దున నాలుగింటికి గంట. నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోవడమే కూర్చోవడం. పదకొండింటికి భోజనం, సాయంత్రం అయిదింటికి టీ, మరమరాలు, ఒక పండు, ఇక తెల్లారేదాకా ఏమీ లేదు. మాట్లాడకూడదు, సైగలు కూడా చెయ్యకూడదు, చదవకూడదు, రాయకూడదు. రాత్రి ఏడింటికి ప్రవచనం ఉంటుంది, నాకైతే అదే సినిమా.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన. అంటే ఊపిరిని ఏమీ చెయ్యకూడదు, పొడుగు చెయ్యకూడదు, బిగబట్టకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి, అంతే. ఇది ప్రాణాయామం కాదని మొదటి రోజే చెప్తారు, నేనేమో పాత అలవాటు కొద్దీ అంకెలు వేస్తూనే ఉన్నా. రెండో రోజు మధ్యాహ్నం టీచర్ గారిని అడిగితే (సందేహాలుంటే ఆయనతో మాత్రం మాట్లాడొచ్చు), లెక్క దేనికండీ, వస్తోందా పోతోందా చూడండి చాలు అన్నారు. మూడో రోజుకి చూడాల్సిన చోటు చిన్నదైపోయింది: ముక్కు కింద, పై పెదవి మీద, మీసం ఉండే జాగా. గంటలు గంటలు అక్కడే. లోపలికి వెళ్ళేది చల్లగా, బయటికి వచ్చేది కాస్త వెచ్చగా, ఎక్కువసేపు ఎడమ ముక్కులోంచే. సరిగ్గా అప్పుడే మోచేతి మీద దోమ వాలింది. చంపకూడదు, పంచశీలాల్లో, అంటే అక్కడ పాటించాల్సిన అయిదు నియమాల్లో, మొదటిదే అది. కుడుతున్నంతసేపూ నా ఊపిరి చిన్న చిన్న ముక్కలైపోయింది, అది ఎగిరిపోయాక ఎవరూ చెప్పకుండానే మళ్ళీ పొడుగైంది. కోపం వస్తే ముందు ఊపిరికి తెలుస్తుందన్నమాట, నలభై మూడేళ్ళు ఒకే ముక్కుతో బతుకుతూ నేనెప్పుడూ చూడలేదు.

నాలుగో రోజు నుంచి అసలు విపశ్యన, అంటే ఊపిరిని చూసినట్టే ఒళ్ళంతా ఏమనిపిస్తోందో చూడడం, రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవడం. దాని గురించి రాయను, ఎవరి మోకాళ్ళు వాళ్ళవి.

ఇది అందరికీ కాదు. డిప్రెషన్‌కో, మరో మానసిక సమస్యకో మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా వెళ్ళకండి, ఫారంలో కూడా అడుగుతారు, దాచకండి. నేను వెళ్ళిన చోట పరుపు అప్పడం లెక్క ఉంది, బాత్రూం దగ్గర క్యూ. ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట చెయ్యమన్నారు, నేను ఇరవై నిమిషాలు చేస్తున్నా, అదీ ఆదివారం ఎగ్గొడతా. బీపీ మాత్ర మానలేదు. మారింది ఒకటే, 19 రాత్రి ఫోన్ టింగుమనగానే ముక్కు కింద ఊపిరి ముక్కలవడం తెలుస్తోంది, రెండు మూడు ఊపిర్లు అలా చూశాకే ఫోన్ తీస్తున్నా. బిల్లు మాత్రం ఇంకా వేలు అడ్డం పెట్టే పంపుతున్నారు.

ఇక ఆ గురక మనిషి. పదో రోజు పొద్దున మౌనం విప్పుతారు. తొమ్మిది రాత్రులు ఆయన మీద పళ్ళు నూరిన నేను ఏమనాలో ఆలోచిస్తుంటే, ఆయనే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, 'తమ్ముడూ, నీ దగ్గుకి నాకు తొమ్మిది రోజులు నిద్ర లేదయ్యా' అన్నారు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారట. నంబర్లు తీసుకున్నాం. రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడతారు, పొద్దున నాలుగింటికి.